ఐదు టికెట్లు కొంటున్నారు, వాడేది ఎన్ని?

ప్రశ్న: మాది సత్తెనపల్లి. మావారు ఎరువుల దుకాణంలో గుమాస్తా. నేను ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. ఇద్దరి సంపాదనా కలిపి నెలకు 42,000 రూపాయలు. పాపకు పదకొండేళ్లు, బాబుకు ఏడు. అత్తగారికి 67, మోకాళ్ల నొప్పులు. దసరా సెలవులకు హైదరాబాద్ వెళ్దామనుకుంటున్నాం. పాప వండర్‌లా పార్కుకు వెళ్దామని గోల చేస్తోంది, వాళ్ల క్లాసులో చాలామంది వెళ్లొచ్చారట. అత్తగారికేమో రామోజీ ఫిల్మ్ సిటీ చూడాలని ఎప్పటి నుంచో కోరిక. రెండూ చూస్తే టికెట్లకే 15,000 అవుతోంది. రైలుకు 5,000, రెండు రాత్రులు హోటల్‌కు 6,000, తిండికీ క్యాబ్‌లకూ 8,000, షాపింగ్‌కు 4,000 వేసుకుంటే మొత్తం 38,000. చేతిలో ఉన్నది 20,000. బ్యాంకులో 60,000 ఎఫ్‌డీ ఉంది కానీ దాన్ని కదిపేది లేదు. మిగతా 18,000 క్రెడిట్ కార్డు మీద పెట్టి ఈఎంఐ చేసుకుందాం అంటున్నారు మావారు. వనస్థలిపురంలో మా ఆడపడుచు ఉంటుంది, ఐదుగురం వెళ్లి మీద పడటం ఎందుకని హోటల్ అనుకున్నాం. నాకైతే జెయింట్ వీల్ చూస్తేనే కళ్లు తిరుగుతాయి. ఒక్క రోజు ఆటకు ఇంత పెట్టడం తప్పంటారా?

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. ఏడాదంతా మిషన్ ముందు కూర్చుని కష్టపడే మీరు పిల్లల్ని ఒకరోజు ఆడించాలనుకోవడం దుబారా ఎలా అవుతుంది? పైగా ఎఫ్‌డీ జోలికి వెళ్లనని మీరే నిర్ణయించుకున్నారు. ఆపదకు దాచింది ఆపదకే ఉండాలి. ఆ మాట మీద గట్టిగా ఉండండి.

అయితే మీ లెక్కలో నన్ను ఆపింది 15,000 అన్న అంకె కాదు. రెండు చోట్లా ఐదుగురికీ టికెట్ వేశారు చూశారా, నేను అక్కడ ఆగాను.

చాలా ఏళ్ల కిందట మా కుటుంబమంతా ఒక పార్కుకు వెళ్లాం. మా అమ్మ కూడా వచ్చింది. గేటు దగ్గర అందరి చేతులకూ కాగితం పట్టీలు చుట్టారు. లోపలికి వెళ్లాక పిల్లలు, మేము తలో దిక్కుకు పోయాం. అమ్మ మాత్రం ఒక చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చుంది. ఒడిలో మా బ్యాగులు, పక్కన మా చెప్పులు, పిల్లల తడి తువ్వాళ్లు. మధ్యాహ్నం ఒకసారి వెళ్లి పులిహోర ప్లేటు ఇచ్చి వచ్చాను. సాయంత్రం వెళ్లేసరికి మా చేతుల పట్టీలన్నీ నాని, నలిగి, రంగు పోయి ఉన్నాయి. అమ్మ చేతిది మాత్రం కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. "దీన్ని ఇప్పుడు తీసేయొచ్చా నాన్నా?" అని అడిగింది. మర్నాడు ఉతకడానికి నా చొక్కా తీసినప్పుడు జేబులో బిల్లు ఆమె కంటబడింది. ఏమీ అనలేదు. మడత పెట్టి అలమరలో పెట్టింది. ఆ రోజు నుంచి నా దగ్గరకు ఎవరు ఇలాంటి ప్రశ్నతో వచ్చినా నేను అడిగే మొదటి మాట ఒకటే: ఈ టికెట్‌ను ఎవరు వాడతారు?

మీ ఇంటి లెక్క అలా చూద్దాం. వండర్‌లా అంటే రవిర్యాల దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2016లో తెరిచిన పార్కు. అక్కడ పని అంతా ఎక్కడం, తిరగడం, తడవడం. మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు అక్కడ చేయగలిగింది చాలా తక్కువ. అరవై దాటినవారికి రాయితీ ఉన్నా టికెట్ తప్పదు. "నేను ఊరికే కూర్చుంటాను" అన్నా గేటు దాటాలంటే డబ్బు కట్టాల్సిందే. ఆ ఐదో టికెట్ తీసేయండి.

మరి మీకు? కళ్లు తిరుగుతాయి కదా, మీ టికెట్ కూడా దండగేనేమో అనిపించవచ్చు. కానీ మీవారు పాపను తీసుకుని పెద్ద రైడ్ క్యూలో నిలబడితే బాబు ఎవరి దగ్గర ఉంటాడు? వాడిని అలల కొలనులో ఆడించడానికి, చిన్నపిల్లల రైడ్లు ఎక్కించడానికి మీరు ఉండాలి. కాబట్టి మీ టికెట్ దండగ కాదు. మీ ఇంటికి వండర్‌లా అంటే నాలుగు టికెట్లు.

ఇక్కడ ఇంకో విషయం ఉంది. వండర్‌లాలో పిల్లల టికెట్‌కు వయసు చూడరు, ఎత్తు చూస్తారు. 85 సెంటీమీటర్లలోపు పిల్లలకు టికెట్ లేదు. అక్కడి నుంచి 140 వరకు పిల్లల టికెట్, అది దాటితే పెద్దల టికెట్. పెద్ద రైడ్లలో కొన్నింటికి కూడా ఆ 140 దాటితేనే ఎక్కనిస్తారు. పాపను రేపు చెప్పుల్లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు అడ్డంగా పెట్టి పెన్సిల్‌తో గీత గీయండి. టేపు మీ మెడలోనే ఉంటుంది కదా. గీత 136 దగ్గరో 138 దగ్గరో పడిందనుకోండి, ఇప్పుడు వెళితే టికెట్ కాస్త తక్కువకే వస్తుంది, కానీ ఆ పిల్ల ఏ రైడ్ గురించి క్లాసులో విని ఆశపడుతోందో దాని దగ్గర నిలబెట్టి వెనక్కి పంపేస్తారు. ఈ వయసులో ఆడపిల్లలు చకచకా ఎదుగుతారు. వేసవికల్లా ఆ గీత దాటే అవకాశం బాగానే ఉంటుంది.

దసరా రద్దీ సంగతి కూడా చూడాలి. రెండు రాష్ట్రాల పిల్లలకూ ఒకేసారి సెలవులు. ఇలాంటి రోజుల్లో టికెట్ ధర ఎక్కువ, క్యూ అంతకంటే ఎక్కువ. మీకు లోపల దొరికేది సుమారు ఏడు గంటలు అనుకుందాం. బట్టలు మార్చుకోవడానికి, తినడానికి ఒక గంట పోతుంది. ఒక్కో రైడ్‌కు ముప్పావు గంట నిలబడాల్సి వస్తే, మిగిలిన ఆరు గంటల్లో ఎక్కేది ఎనిమిది రైడ్లు. అదే జనం పల్చగా ఉండే మంగళవారమో బుధవారమో వెళ్లి, ఇరవై నిమిషాల్లో వంతు వస్తే పద్దెనిమిది. టికెట్ డబ్బు అదే, ఇంకా మాట్లాడితే వారం మధ్యలో కాస్త తక్కువే. క్యూ తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఉంటుంది కానీ దానికి మామూలు టికెట్ మీద చాలా అదనంగా కట్టాలి. మీ బడ్జెట్‌లో దాని గురించి ఆలోచించకండి, రోజు మార్చుకుంటే చాలు.

ఇక రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో మొదలైంది, 1,666 ఎకరాలు. ప్రపంచంలోనే అతిపెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డుకెక్కింది. అంత స్థలాన్ని నడిచి చూడటం ఎవరి తరమూ కాదు కాబట్టి బస్సుల్లో తిప్పుతారు. సెట్లు, తోటలు బస్సులోంచి చూస్తారు. మధ్యమధ్యలో దిగి నడవాల్సి ఉంటుంది, నిజమే. కానీ ప్రదర్శనలన్నీ కూర్చుని చూసేవే. మీ అత్తగారికి అది సరిపోతుంది. పిల్లలకు ఆడుకునే రైడ్లూ ఉన్నాయి. అక్కడ ఐదు టికెట్లు కొంటే ఐదూ వాడతారు. జనం ఉన్నా బస్సు తిరుగుతూనే ఉంటుంది, మీ రోజు క్యూలో కరిగిపోదు. ఏసీ బస్సు, భోజనం కలిపిన ఖరీదైన ప్యాకేజీలు చూపిస్తారు, మీకు మామూలు టికెట్ చాలు.

అందుకని నా సలహా: ఈ దసరాకు ఐదుగురూ ఫిల్మ్ సిటీ చూడండి. వేసవి సెలవుల్లో వారం మధ్యలో నలుగురు వండర్‌లాకు వెళ్లండి. రెండూ చూస్తారు. అప్పు ఉండదు.

ఆ అప్పు సంగతి మీవారికి కాస్త వివరంగా చెప్పాలి. 18,000ను 15 శాతం వడ్డీకి పన్నెండు నెలల ఈఎంఐ చేస్తే నెలకు సుమారు 1,625 కట్టాలి. వడ్డీయే దాదాపు 1,500 అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 270. ప్రాసెసింగ్ ఫీజు వేరే. అంటే ఐదుగురికి టికెట్లు కొని ఆరో టికెట్ బ్యాంకుకు కొనిపెట్టినట్టు. అది కూడా అన్నీ సవ్యంగా జరిగితేనే. ఈఎంఐగా మార్చడం మరిచిపోయి, బిల్లులో కనీస మొత్తం మాత్రం కట్టుకుంటూ పోతే చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. ఏడాదికి నలభై రెండు. దసరా నుంచి దసరా దాకా నెలనెలా 1,625 పోతుంటే, మధ్యలో పాప పుస్తకాలకో బాబు జ్వరానికో డబ్బు కావాల్సి వచ్చినప్పుడు ఈ ప్రయాణం గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. పిల్లల సంతోషం అలా గుర్తుండకూడదు.

పన్ను గురించి కూడా ఒక మాట. ఇలాంటి పార్కుల ప్రవేశ టికెట్ మీద జీఎస్టీ మొదట్లో 28 శాతం ఉండేది, 2018 జనవరిలో 18కి తగ్గించారు. అంటే ఫిల్మ్ సిటీ టికెట్లకు మీరు కట్టే 7,500లో సుమారు 1,140 పన్నే. వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే ధర పన్ను కలిపిందా, కలపనిదా అని డబ్బు కట్టే ముందు చివరి పేజీలో సరిచూసుకోండి.

హోటల్ మాత్రం వద్దమ్మా. మీ అత్తగారు వెళ్లేది సొంత కూతురున్న ఊరికి. ఆమెను హోటల్లో దింపారని తెలిస్తే మీ ఆడపడుచు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించండి. పైగా వనస్థలిపురం, ఫిల్మ్ సిటీ రెండూ విజయవాడ హైవే మీదే ఉన్నాయి. నగరం మధ్యలో హోటల్ తీసుకుంటే డబ్బూ పోతుంది, పొద్దున్నే ట్రాఫిక్‌లో గంట కూడా పోతుంది. ముందే ఫోన్ చేసి చెప్పండి. ఇంట్లోకి ఒక నెల బియ్యమో, పిల్లలకు బట్టలో పట్టుకెళ్లండి. దానికి 1,500 వేద్దాం.

కోత పెట్టకూడని చోటు కూడా ఒకటుంది, రైలు. సత్తెనపల్లిలో ఆగే పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ చైర్‌కార్‌కే తీసుకోండి. మోకాళ్ల నొప్పులతో పెద్దావిడ ఇరుకు బెంచీ మీద గంటల తరబడి కూర్చుని దిగితే మర్నాడు ఫిల్మ్ సిటీలో బస్సు మెట్లు ఎక్కలేరు. అప్పుడు ఆ టికెట్ కూడా మా అమ్మ టికెట్ లాగే అవుతుంది.

ఇప్పుడు మొత్తం వేద్దాం. ఫిల్మ్ సిటీ టికెట్లు 7,500. రైలు 5,000. ఆడపడుచు ఇంటికి 1,500. ఒక పార్కు తగ్గింది, తిండీ బసా ఇంట్లోనే కాబట్టి క్యాబ్‌లకూ బయటి తిండికీ 4,000 చాలు. ఇలాంటి పార్కుల్లోకి బయటి తిండి సాధారణంగా రానివ్వరు, అందుకే పొద్దున ఇంట్లో కడుపునిండా తిని బయల్దేరండి. షాపింగ్‌కు 1,500. మొత్తం 19,500. మీ చేతిలోని 20,000 దాటలేదు.

వేసవి ప్రయాణానికి ఇప్పటి నుంచే నెలకు 1,500 చొప్పున రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) కట్టండి. ఏడు నెలలకు 10,500 అవుతుంది. నాలుగు టికెట్లు, లోపల భోజనం, లాకరు అద్దె, క్యాబ్ అన్నీ దాదాపు అందులోనే వెళ్లిపోతాయి. రైలుకు మాత్రం విడిగా కొంత చూసుకోవాలి. ఈసారి అత్తగారు రాకపోతే మీ నలుగురికీ సెకండ్ సిటింగ్ చాలు, ఖర్చు బాగా తగ్గుతుంది. ఆరు నెలల గడువుకు కూడా ఆర్డీ తెరిచే బ్యాంకులున్నాయి, కనుక్కోండి. పోస్టాఫీసు ఆర్డీ మాత్రం దీనికి పనికిరాదు. దాని గడువు ఐదేళ్లు, మూడేళ్లు నిండకుండా మూసే వీల్లేదు. వడ్డీ ఎంత వస్తుందని చూడకండి, ఈ డబ్బు వంటింటి ఖర్చులో కలవకుండా ఉండటమే మనకు కావాల్సింది. ఈఎంఐ కింద 1,625 కట్టగలిగే ఇల్లు ఆర్డీకి 1,500 కట్టలేకపోదు.

ఇంకో ఖర్చు మీ చేతిలోనే ఉంది. నీటి ఆటల దగ్గర కాటన్ బట్టలతో దిగనివ్వరు, నైలాన్ లాంటి గుడ్డతో కుట్టిన ఈత దుస్తులే వేసుకోవాలి. తెలియక వెళ్లినవాళ్లు అక్కడే కొనాల్సి వస్తుంది, నలుగురికీ అంటే చిన్న మొత్తం కాదు. మీరు కుట్టుపని చేసే మనిషి. గుంటూరు వెళ్లినప్పుడు గుడ్డ తెచ్చుకుని తీరిక దొరికినప్పుడు కుట్టిపెట్టుకోండి. బాబుకు మాత్రం వెళ్లే నెలలోనే కుట్టండి, పొట్టి అయిపోతుంది.

పాపకు ఈ మాట ఎలా చెప్పాలా అని మీకు బెంగగా ఉంటుంది. "తర్వాత చూద్దాం" అనకండి. పిల్లలు ఆ మాటను "లేదు" అనే వింటారు. ఆర్డీ తెరిచే రోజు పాపను బ్యాంకుకు వెంట తీసుకెళ్లండి. ఏ నెలలో వెళ్తున్నారో క్యాలెండర్ మీద తననే గుండ్రం చుట్టమనండి. గోడ మీద గీసిన పెన్సిల్ గీత చెరపకుండా ఉంచండి, దానిపైన 140 దగ్గర ఎర్ర గీత ఒకటి గీయండి. నెలకోసారి కొలుచుకోమనండి.