కోళ్లు చనిపోయాయన్న వార్త రాసేముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు విలేకరిగా చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. నా ఉద్యోగమంతా పశువుల ఆసుపత్రుల్లోనే గడిచింది కాబట్టి నీకు పనికొచ్చే నాలుగు మాటలు రాస్తున్నాను.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు గుట్టలుగా చనిపోయాయి కదా. పెరవలి మండలం కానూరు అగ్రహారం, తణుకు మండలం వేల్పూరు నమూనాల్లో బర్డ్ ఫ్లూ ఉందని తేల్చింది భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ల్యాబ్. కొక్కెర తెగులని (రాణీఖెట్) కోళ్లకు ఇంకో జబ్బుంది, అది వచ్చినా అలాగే చస్తాయి. తల నీలం పడిందనో, కాళ్ల మీద ఎర్ర మచ్చలున్నాయనో చూసి ఏ జబ్బో చెప్పేయలేం. అందుకని రిపోర్టు రాకముందు ‘అంతుచిక్కని వైరస్’ అని హెడ్డింగ్ పెట్టకు. ‘కోళ్లు చనిపోయాయి, నమూనాలు భోపాల్ పంపారు, ఫలితం రావాలి’ అని రాయి. అదీ వార్తే.

నమూనా ఎవరు తీశారు, ఏ ల్యాబ్‌కు వెళ్లింది, ఫలితం ఏ తేదీన వచ్చిందని డాక్టర్‌ని అడుగు. జబ్బు తేలాక ఆ ఫారం చుట్టూ కిలోమీటరు వరకు వ్యాధి ప్రాంతమనీ, పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతమనీ ప్రకటిస్తారు. ఆ ఊళ్ల పేర్లు రాయి, జిల్లా మొత్తాన్నీ కలిపి రాయకు. జబ్బులేని ఊళ్లో కూడా రైతు కోడి అమ్ముడుపోక అప్పుల్లో పడతాడు.

అలాగని ‘ఏం భయం లేదు’ అని కోళ్ల ఫారం యజమాని చెప్పింది చెప్పినట్టు వేసెయ్యకు. మాంసం 70 డిగ్రీలకు పైన బాగా ఉడికితే తినొచ్చు, నిజమే. కానీ ఫారంలో పనిచేసే కూలీల సంగతి వేరు. చచ్చిన కోళ్లను ఉత్త చేతులతో పట్టుకోకూడదని, కాలవలో పారేయకూడదని, జ్వరమొస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని వాళ్ల కోసం రాయాలి. దాన్ని చాలామంది వదిలేస్తారు, నాకు బాధ కలిగించేది అదే.

వాట్సాప్‌లో వచ్చే మాటలు, ఫొటోల విషయంలోనూ జాగ్రత్త. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో పశువుల ఒంటిమీద గడ్డలు లేచే లంపీ స్కిన్ జబ్బు ముమ్మరంగా వచ్చినప్పుడు పాలు తాగితే మనుషులకూ సోకుతుందని వాట్సాప్‌లో తెగ తిప్పారు. ఆ జబ్బు మనుషులకు రాదు. దోమలు, ఈగలు, గోమార్ల వల్ల పశువు నుంచి పశువుకు పాకుతుంది. నీకు వచ్చిన ఫొటో ఏ ఊరిది, ఎప్పటిదని అడగకుండా వాడొద్దు.

మందు పేరు, డోసు మాత్రం రాయకు. రైతు నేరుగా షాపుకెళ్లి కొనేస్తాడు. దాని బదులు వార్త కింద 1962 నంబర్ ఇవ్వు, పశువుల అంబులెన్స్ వస్తుంది.

ఏదైనా సందేహముంటే ఫోన్ చెయ్యి, రాత్రయినా ఫర్వాలేదు.

మామయ్య