ఓడలెక్కినవాళ్ల గుర్తులు: పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

సముద్రయాత్రికుల స్మారకాల మీద గత సంచికలో నాలుగు మాటలు రాశాను. దానికి ఉత్తరాలు బాగా వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి, ఈసారి కాలమ్ మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు పిల్లలతో కేరళ వెళ్తున్నాం మాస్టారూ. వాస్కో డ గామా సమాధి కొచ్చిలో ఉందని ఒకరంటారు, పోర్చుగల్‌లో ఉందని ఇంకొకరంటారు. ఏడో తరగతి చదివే మావాడు అడిగి అడిగి ప్రాణం తీస్తున్నాడు. ఆయన దిగిన చోట రాయి ఉందట, దానికోసం కోజికోడ్ దాకా వెళ్లొచ్చా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

రెండు మాటలూ నిజమేనమ్మా. గామా 1524లో క్రిస్మస్ ముందురోజు కొచ్చిలో చనిపోయాడు. ఫోర్ట్ కొచ్చిలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పాతిపెట్టారు. కొన్నేళ్లకు అస్థికలు తవ్వి పోర్చుగల్ తీసుకెళ్లారు. ఇప్పుడు అవి లిస్బన్‌లోని జెరోనిమోస్ మఠంలో ఉన్నాయి, అక్కడికి చేర్చింది 1880లో. కొచ్చిలో మిగిలింది నేలలో పరిచిన సమాధి రాయి. చుట్టూ చిన్న కటకటా ఉంటుంది. మీవాణ్ణి ఆ రాయి దగ్గర కాసేపు నిలబెట్టండి. పాఠంలో చదివిన పేరు కాళ్ల దగ్గర కనబడితే పిల్లలకు ఇక మరుపు ఉండదు.

కోజికోడ్ దగ్గర ఆ రాయి ఉన్న కప్పాడ్‌కు వెళ్లమనే అంటాను, కాకపోతే పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. రోడ్డు పక్కన చిన్న రాతి స్తంభం, దాని మీద 1498లో వాస్కో డ గామా ఇక్కడ దిగాడని ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క, అంతే. ఆ రాయి చెప్పని సంగతులు మీరు చెప్పాలి. ఆఫ్రికా తీరంలోని మలిందిలో రాజు ఒక పైలట్‌ను ఇచ్చి పంపాడు. ఋతుపవనాల గాలి తెలిసిన ఆ మనిషి దారి చూపబట్టే గామా ఓడలు 23 రోజుల్లో మన తీరానికి వచ్చాయి. అప్పటికి మనవాళ్లూ అరబ్బులూ ఎన్నో వందల ఏళ్లుగా తిరుగుతున్న దారే అది. ఇదే గామా 1502లో మళ్లీ వచ్చి, మక్కా నుంచి వస్తున్న యాత్రికుల ఓడను ఆడవాళ్లతో, పిల్లలతో సహా తగలబెట్టించాడు. ఏడో తరగతి పిల్లవాడికి ఇది చెప్పొచ్చా అని సందేహించకండి, చెప్పండి.

వీలుంటే ఇంకాస్త ఉత్తరాన వడకర దగ్గర ఇరింగల్ కూడా చూడండి. పోర్చుగీసులతో సముద్రం మీద తలపడిన కుంజాలి మరక్కార్ల స్మారకం అక్కడుంది. నాలుగో కుంజాలిని 1600లో గోవాలో చంపేశారు. కప్పాడ్ రాయి, ఇరింగల్ స్మారకం ఒకే రోజు చూస్తే పిల్లవాడికి కథ రెండు వైపులా తెలుస్తుంది.

ప్రశ్న: పోర్చుగల్‌లో, స్పెయిన్‌లో నావికులకు ఆకాశమంత కట్టడాలున్నాయి. మనకింత తీరం ఉండి ఒక్కటీ లేదేం? తెలుగువాళ్లు అసలు సముద్రం ఎక్కలేదా, ఎక్కినా మనం పట్టించుకోలేదా?
– విశ్రాంత ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు

ఈ ప్రశ్న నా ప్రాణానికి దగ్గరిది, కాబట్టి జవాబు కాస్త పొడుగవుతుంది.

మీరన్నవాటిలో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లోని కట్టడం 50 మీటర్లకు పైగా ఎత్తు. ఓడ ముక్కు ఆకారంలో కట్టి, సముద్రయాత్రలకు అండగా నిలిచిన పోర్చుగల్ రాకుమారుడు హెన్రీని ముందు నిలబెట్టి, వెనక నావికుల్నీ పటాలు గీసినవాళ్లనీ పూజారుల్నీ వరసగా చెక్కారు. అయితే అది గామా కాలానిది కాదు. 1940లో ఒక ఎగ్జిబిషన్ కోసం తాత్కాలికంగా నిలబెట్టి, 1960లో కాంక్రీటుతో, రాయితో మళ్లీ కట్టారు. పోర్చుగల్‌లో నియంత పాలన సాగుతూ, చేతిలో వలసరాజ్యాలు ఇంకా మిగిలి ఉన్న రోజులవి. 'మేం ఇంతటివాళ్లం' అని వాళ్లకు వాళ్లు చెప్పుకోవలసిన అవసరం పడింది. బార్సిలోనాలో కొలంబస్ స్తంభం కూడా అంతే. ఆయన ఓడెక్కిన కాలం వేరు, ఆ స్తంభం లేచిన 1888 వేరు.

మన దగ్గర ఉన్నది వేరే రకం. చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది కదా, అక్కడ వీరభద్రస్వామి గుడి దగ్గర కాకతి గణపతిదేవుడు 1244–45లో వేయించిన శాసన స్తంభం ఉంది. అభయ శాసనం అంటారు. దాని సారం ఇది: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయలుదేరిన ఓడలు గాలివానకు దెబ్బతిని, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే, వాటిలో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ వెనకటి రాజులు లాగేసుకునేవాళ్లు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద ఇంత సాహసం చేసేవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, ముందే నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా మేం వదిలేస్తున్నాం. ఆ సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, మిరియాలు, పోకచెక్కలు... ఏ సరుకుకు ఎంతో కూడా శాసనంలో రాయించారు.

ఒక్కసారి ఆలోచించండి. తుపానులో మునిగి, సగం సరుకు పోగొట్టుకుని, ఊరుకాని ఊళ్లో ఒడ్డునపడ్డ మనిషికి 'నీ సొమ్ము నీదే, భయపడకు' అని రాజు రాయి మీద చెక్కించి ఇచ్చిన మాట అది. అందులో ఏ నావికుడి పేరూ లేదు, అందరికీ వర్తిస్తుంది. లిస్బన్ కట్టడం కంటే మోటుపల్లి రాయే గొప్పదని నా అభిప్రాయం. ఇది నా ఊరి మీద అభిమానంతో అంటున్న మాట కాదు. ఒకటి జయించినవాళ్లను పొగుడుతుంది, ఇంకోటి ఆపదలో ఉన్నవాణ్ణి కాపాడుతుంది. మన కొండవీటి అనపోత రెడ్డి కూడా 1358లో అక్కడే వర్తకులకు మళ్లీ హామీ ఇస్తూ శాసనం వేయించాడు. ఆ రెండు శాసనాలకూ మధ్యకాలంలో ఈ తీరం గురించి రాసిన మార్కో పోలో, ఇక్కడ రాజ్యమేలుతున్న రాణి న్యాయాన్నీ, సాలెగూడులాంటి సన్నబట్టల్నీ మెచ్చుకున్నాడు. ఆ రాణి మన రుద్రమదేవి.

ఇంకా వెనక్కి వెళ్తే కృష్ణా జిల్లా ఘంటసాల ఉంది. పాతకాలపు గ్రీకు పండితుడు టాలెమీ తన భూగోళ గ్రంథంలో పేర్కొన్న రేవు అది. అక్కడ దొరికిన ప్రాకృత శాసనం ఒకటి శివకుడనే 'మహానావికుడి' పేరు చెబుతుంది. బిరుదు చూడండి, నావికుడు కాదు, మహానావికుడు! తెలుగునేల మీద పేరు మిగిలిన నావికుల్లో ఇంత పాతవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. ఆ శివకుడి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకుండదో నాకు బాధగా ఉంటుంది.

శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన ఓడ బొమ్మ సీసపు నాణేల సంగతీ చెప్పాలి. మా కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో ఒక నాణేల సేకర్త దగ్గర ఒకటి చూశాను. వేలి గోరంత మేర అరిగిపోయినా రెండు తెరచాప కొయ్యలు నిలువుగా స్పష్టంగా కనబడుతున్నాయి. ఆయన దాన్ని కాస్త వాలుగా తిప్పేసరికి ఓడ అడుగు వంపు, పైకి లేచిన కొస కూడా తేలాయి. జనం చేతుల్లో నిత్యం తిరిగే డబ్బు మీద ఓడ బొమ్మ వేయించాడంటే ఆ రాజుకు రేవులు ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

ఓడ యుద్ధాల్లో పోయినవాళ్లకు వీరగల్లులు, అంటే వీరుల స్మారక శిలలు, వేసే అలవాటు కూడా ఈ దేశంలో ఉంది. ముంబయి బోరివలి దగ్గర ఎక్సర్‌లో చూడవచ్చు, తెడ్లు బారులు తీర్చిన ఓడలు రాతి మీద యుద్ధం చేస్తుంటాయి. కారంపూడి వీర్ల గుడి చూసిన పల్నాటివాళ్లకు వీరగల్లు గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

కాబట్టి సార్, మనకు లేనివి కొత్త విగ్రహాలు కావు. మోటుపల్లి వెళ్లే దారిలో ఆ శాసనం సారాన్ని వాడుక తెలుగులో రాసిన మంచి బోర్డు ఒకటి నిలబెట్టాలి. మీలాంటి పెద్దలు నలుగురు కలిసి అడిగితే అది జరిగే పనే.

ప్రశ్న: సముద్రం మీద ప్రపంచం చుట్టిన తెలుగు ఆడవాళ్లు ఉన్నారా సార్? – పదో తరగతి విద్యార్థిని, మంగళగిరి

ఉన్నారు తల్లీ. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే చిన్న తెరచాప నౌకలో ఆరుగురు నేవీ మహిళలు బయలుదేరి, 2018 మేలో తిరిగొచ్చారు. 254 రోజులు, సుమారు 21,600 నాటికల్ మైళ్లు. నౌకకు నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో విశాఖపట్నం స్వాతి పాతర్లపల్లి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి మన తెలుగువాళ్లు. ఈ పేర్లు నీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూడటం పిల్లలకు పనికొస్తుందా? – ఒక తండ్రి, తెనాలి

తప్పకుండా. 91 మీటర్ల గొట్టంలో 75 మంది ఎలా బతికారో లోపల వంగి వంగి నడిస్తేనే తెలుస్తుంది. బయటికొచ్చాక 1971 యుద్ధ స్మారకం కూడా చూపించండి.

ప్రశ్న: ఆస్ట్రేలియాలో కెప్టెన్ కుక్ విగ్రహాన్ని కాళ్ల దగ్గర కోసేశారని చదివాం. హాస్టల్లో దీని మీద పెద్ద గొడవే అయింది. తప్పా, ఒప్పా? – డిగ్రీ విద్యార్థులు, గుంటూరు

బ్రిటిష్ నావికుడు కుక్ విగ్రహానికి 2024 జనవరిలో మెల్‌బోర్న్‌లో జరిగిన సంగతి కదా. కోసినవాళ్ల కోపం న్యాయమైనదే. సిడ్నీలో ఇంకో కుక్ విగ్రహం ఉంది, 1879 నాటిది. ఈ భూభాగాన్ని 1770లో ఈయన కనుగొన్నాడని దాని పీఠం మీద ఉంది. వేల ఏళ్లుగా జనం కాపురముంటున్న నేలను కనుగొనడమేమిటి? ఆ మాట చదువుతూ రోజూ ఆ దారిన నడవాల్సిన ఆదివాసీ పిల్లవాడి సంగతి ఆలోచించండి. అయినా రంపం పట్టడం నాకు నచ్చదు. విగ్రహం పోతే అక్కడ ఏం రాశారో, ఎవరు రాశారో కూడా పోతుంది, రేపు తప్పు చూపించడానికి సాక్ష్యం ఉండదు.

ఫిలిప్పీన్స్‌లో మక్తాన్ దీవి వాళ్లు చేసిన పద్ధతి నాకు నచ్చింది. స్పెయిన్ తరఫున ఓడలతో వచ్చిన నావికుడు మెగలాన్ 1521 ఏప్రిల్ 27న అక్కడ చనిపోయాడు. స్పెయిన్ పాలనలో 1866లో ఆయనకు స్మారకం కట్టారు, అది ఇప్పటికీ ఉంది. అదే చోట ఆయన్ను ఎదిరించి నిలిచిన స్థానిక నాయకుడు లాపులాపు విగ్రహమూ ఉంది. మెగలాన్ ఇక్కడ మరణించాడని చెప్పే ఫలకం ఉంది, లాపులాపు ఇక్కడ స్పానిష్ దండును తిప్పికొట్టాడని చెప్పే ఫలకమూ ఉంది. రెండూ చదివి జనం తేల్చుకుంటారు.

ఇంకోటి చెప్పి ఆపేస్తాను. చైనా నౌకాధిపతి జెంగ్ హే 1409 నాటి తేదీతో శ్రీలంకకు తెచ్చిన రాతిపలక గాలేలో దొరికింది, ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది. చైనా భాషలో బుద్ధుడికి, తమిళంలో విష్ణువుకు, పర్షియన్‌లో అల్లాకు కానుకలు సమర్పించినట్టు ఒకే రాయి మీద మూడు భాషల్లో చెక్కారు. ఆయన సైన్యంతోనే వచ్చాడు, అక్కడి రాజుతో యుద్ధమూ చేశాడు, కాబట్టి మరీ పొగడక్కర్లేదు. కానీ పరాయి రేవులో అడుగుపెట్టే ముందు అక్కడివాళ్ల దేవుళ్లు ఎవరో కనుక్కున్నాడు. హాస్టల్ గొడవలో ఈ రాయి గురించి కూడా మాట్లాడుకోండి.

ప్రశ్న: మా తమ్ముడు సరుకు ఓడలో పనిచేస్తూ సముద్రంలో పడిపోయాడు. శవం దొరకలేదు. ఏ రోజున, ఎక్కడ పూలు పెట్టాలో తెలియక అమ్మ నలిగిపోతోంది. ఊళ్లో చిన్న రాయి పెట్టుకుంటే తప్పా? – ఒక అక్క, బాపట్ల

తప్పెందుకవుతుందమ్మా, తప్పకుండా పెట్టండి. ప్రపంచమంతా చేసింది అదే. 1971 డిసెంబర్ 9న ఐఎన్‌ఎస్ ఖుక్రీ మునిగి 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. ఓడతోపాటే వెళ్లిపోయిన కెప్టెన్ ముల్లా కూడా అందులో ఉన్నారు. వాళ్ల కోసం డయ్యూలో సముద్రానికి ఎదురుగా గట్టు మీద అద్దాల గదిలో ఆ ఓడ నమూనా పెట్టారు. దక్షిణ అమెరికా చివర కేప్ హార్న్‌లో పోయినవాళ్ల కోసం చిలీవాళ్లు 1992లో ఆల్బట్రాస్ పక్షి ఆకారంలో ఉక్కు స్మారకం నిలబెట్టారు. అక్కడి గాలి ఎలాంటిదంటే, 2014లో ఆ ఉక్కులో సగం కూలిపోయింది.

మీ తమ్ముడు యుద్ధనౌకలో లేడు కదా అనుకోవద్దు. కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డున 1924లో కట్టిన లస్కర్ల స్మారకం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో సరుకు ఓడల మీద చనిపోయిన బెంగాల్, అస్సాం కూలీ నావికులు 896 మంది కోసం కట్టింది. బాయిలర్లలో బొగ్గు వేసినవాళ్లు, డెక్కు కడిగినవాళ్లు, వంట చేసినవాళ్లు. వాళ్లకు కూడా రాయి వేయాలని ఆనాడే ఎవరికో అనిపించింది.

తీరంలో కట్టబోతే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు అడ్డొస్తాయి, ఆ టెన్షన్ మీకొద్దు. మీ సొంత స్థలంలోనే పెట్టుకోండి. పేరు, పుట్టిన ఏడు, ఓడ పేరు, ఏ సముద్రంలోనో కూడా చెక్కించండి. ఓడ పేరు మాత్రం వదలొద్దు, ముందు తరాలవాళ్లకు ఆ ఒక్క మాటతోనే అంతా అర్థమవుతుంది. ఆఖరుసారి ఫోన్‌లో మాట్లాడిన రోజునో, ఓడ నుంచి కబురొచ్చిన తిథినో అమ్మగారి మనసుకు ఏది తోస్తే అది పెట్టుకోండి. అలా తేల్చుకోలేకపోతే ఏప్రిల్ 5 ఉంది, దేశమంతా జాతీయ నౌకాయాన దినం జరుపుకునే రోజు.

ప్రశ్న: విజయవాడ నుంచి ఒక్క ఆదివారంలో ఏం చూసి రావచ్చు? – అనేకమంది

పొద్దున్నే బయలుదేరి ముందు ఘంటసాల చేరండి, స్తూపమూ మ్యూజియమూ చూడండి. అక్కణ్ణుంచి బందరు వెళ్లి, బందరుకోటలో డచ్చివాళ్ల సమాధులు చూడండి. రాళ్ల మీద వాళ్ల కుటుంబ చిహ్నాలు లోతుగా చెక్కి ఉంటాయి, చెప్పులు వేసుకుని వాటి మీద నడవొద్దు. 1864 తుపానులో ఆ చుట్టుపక్కల సుమారు 30 వేలమంది పోయారు. ఆ సంగతి పిల్లలకు అక్కడే చెప్పండి. మంచినీళ్లు, గొడుగు వెంట ఉంచుకోండి, కోట దగ్గర నీడ తక్కువ. మోటుపల్లిని ఇందులో కలపొద్దు. దానికి చీరాల వైపు ఇంకో ఆదివారం పెట్టుకోండి.