యంత్రం నిమిషంలో రక్తపరీక్ష చేసేస్తే, రిపోర్టు సాయంత్రానికి గానీ ఎందుకు రాదు?

గొట్టం మీద అంటించే చిన్న చీటీతో కథ మొదలవుతుంది. కౌంటరులో మీ పేరు, వయసు, డాక్టరు రాసిన పరీక్షలు ఎక్కించగానే ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఒక నంబరు కేటాయించి బార్‌కోడ్ ముద్రిస్తుంది. ఊదారంగు మూత గొట్టం రక్తకణాల లెక్కకు, బూడిదరంగుది చక్కెరకు; రెండింటి మీదా మీ బార్‌కోడే. యంత్రం ఆ గీతలు చదివి, ఏ పరీక్షలు చేయాలో సాఫ్ట్‌వేర్‌ను అడిగి, ఫలితాన్ని దానికే పంపుతుంది.

కణాల లెక్క నిమిషంలో తేలుతుంది, నిజమే. కానీ సీరం (రక్తం గడ్డకట్టాక విడిపోయే పలుచని ద్రవం) పరీక్షలకు రక్తం గడ్డకట్టడానికే దాదాపు అరగంట కావాలి, తర్వాత గడ్డనూ ద్రవాన్నీ వేరుచేసేందుకు సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పాలి. అంకెలు వచ్చినా అక్కడితో అయిపోదు. పొటాషియం విపరీతంగా ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ వచ్చాయనుకోండి. రోగికి ఏమైందోనని కంగారు పడేలోపు, ఊదా మూత గొట్టంలోని రక్తం సీరం గొట్టంలో కలిసిందా అని అనుమానిస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఊదా గొట్టంలో వేసే పొటాషియం ఈడీటీఏ అనే రసాయనం పొటాషియాన్ని పెంచేసి, కాల్షియాన్ని పట్టేసుకుంటుంది మరి! అలాంటప్పుడు మళ్లీ రక్తం తీయాల్సిందే. పాత ఫలితానికీ కొత్తదానికీ పొంతన లేకపోతే చాలా ల్యాబుల్లో సాఫ్ట్‌వేరే రిపోర్టును ఆపి ఉంచుతుంది. పాథాలజిస్టు చూసి ఆమోదించాకే మీ ఫోనుకు లింకు వస్తుంది.

రక్తం తీశాక చీటీ మీ ఎదుటే అంటించారా, పేరు మీదేనా అన్నది మాత్రం చూసుకోండి. వేరొకరి గొట్టానికి అంటిన మీ చీటీని, మీ పాత ఫలితాలేవీ లేకపోతే, సాఫ్ట్‌వేర్ పసిగట్టడం కష్టం.