చెద సంగతి తర్వాత, ముందు ఆ కుప్ప వాసన చూడండి

పెరట్లో పూలమడులకి సామిల్లు నుంచి చెక్క పేళ్లు తెచ్చి మల్చింగ్‌గా, అంటే మొక్కల చుట్టూ మట్టి మీద కప్పుగా, వేద్దామనుకుంటే చెద పట్టేస్తుందని అందరూ భయపెడుతున్నారు, వేయొచ్చా అని అడిగారు. వేయొచ్చండి. చెదకి కావాల్సింది ఎండు చెక్క, పచ్చటి మొక్క జోలికి అంతగా రాదు. పేళ్లని గోడకీ గుమ్మానికీ ఆనించకుండా రెండడుగులు ఎడం ఉంచితే చాలు. నన్ను ముంచింది చెద కాదు, కుప్ప.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మూడేళ్ల కిందట శ్రావణంలో మా ఆయన ఒక సామిల్లు నుంచి ట్రాక్టరు నిండా పేళ్లు తోలించారు. నిద్రగన్నేరు, తుమ్మ దుంగల బెరడూ, చెక్కముక్కలూ. మిల్లువాళ్లు డబ్బులు తీసుకోలేదు, ట్రాక్టరు కిరాయి ఒక్కటే అయింది. మన వైపు ఎవరైనా ఊరికే ఇస్తున్నారంటే ఎందుకో ఒకసారి ఆలోచించాలి కదా, ఆ బుద్ధి నాకు అప్పుడు లేదు. అవి వేసవి నుంచీ మనిషెత్తు కుప్పగా, సగం టార్పాలిన్ కింద సగం వానలో నానుతూ పడున్నాయట.

సాయంత్రం పార పెట్టి లాగితే లోపల్నించి సన్నగా ఆవిరి లేచింది. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. వాసన అంటారా, మూడ్రోజుల కల్లుకుండ మూత తీసినట్టు పుల్లగా ముక్కులోకి పోయింది. నేను మాత్రం ఎరువు బాగా ఉడుకుతోందని మురిసిపోయి, కడియం నర్సరీ నుంచి తెచ్చి వారం కూడా కాని చామంతి నారు 40 మొక్కల చుట్టూ, మొదళ్లకి ఆనేలా, జానెడు మందాన పరిచేశాను. పైగా ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాను.

పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్లి చూస్తే కింది ఆకులు మరిగే నీళ్లు పోసినట్టు వేలాడిపోయాయి. అంచులు డికాక్షన్ రంగు, మధ్యలో తెల్లగా పాలిపోయి. మా మావయ్యగారు అరుగు మీంచి పేపరు దించకుండానే "చామంతుల్ని ఉడకేసేవేంటమ్మా" అన్నారు. వారం తిరిగేసరికి 11 మిగిలాయి.

జరిగింది ఏమిటంటే, గాలి ఆడని తడి కుప్పలో చెక్క కుళ్లడం బదులు పులుస్తుంది. ఎసిటిక్ ఆమ్లం, అంటే మన వెనిగర్‌లో ఉండేదే, దానితోపాటు మిథనాల్, అమ్మోనియా పుడతాయి. పీహెచ్, అంటే పులుపు కొలిచే లెక్క (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), 2, 3కి పడిపోతుంది. లేత మొక్క దాన్ని తట్టుకోలేదు. మంచి పేళ్లు కోసిన చెక్క వాసనో, తడిమట్టి వాసనో రావాలి. కాబట్టి ట్రాక్టరు మాట్లాడే ముందే కుప్ప లోపల్నించి పిడికెడు తీసి వాసన చూడండి, సిగ్గుపడక్కర్లేదు. పుల్లగా ఉంటే ఎండలో పల్చగా పరిచి, తిరగేస్తూ నాలుగైదు రోజులు ఆరబెడితే ఆ ఘాటు పోతుంది.

ఇంకొకటి, పేళ్లుగానీ రంపపు పొట్టుగానీ మట్టి మీదే ఉండాలి, మట్టిలో కలిపి తవ్వకూడదు. పొట్టులో నత్రజని ఒక పాలుంటే కర్బనం 200 నుంచి 500 పాళ్లు ఉంటుంది, దాన్ని అరిగించుకోడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజని లాగేసుకుంటాయి, మొక్క పసుపు రంగుకి పాలిపోతుంది. మా మిరప మడి అలాగే పసుపు నీళ్లలో ముంచినట్టయితే నేను వైరస్ అనుకుని మందులు కొట్టాను. మందుల షాపతను కూడా వైరస్సే అన్నాడు, అనడా మరి. మందం రెండు మూడు అంగుళాలు దాటొద్దు, మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి.

మిగిలిన కుప్పని కొబ్బరిచెట్ల కింద వదిలేయడం నా రెండో తెలివి. సంక్రాంతి ముందు దింపుకొచ్చిన అతను చెట్టెక్కి, మొవ్వులో కొత్త మట్టలు కత్తెరేసినట్టు తెగిపోయి ఉన్నాయని పైనుంచే అరిచాడు. కొమ్ముపురుగు. దిగొచ్చి ఆ కుప్పని కాలితో తన్నితే బొటనవేలంత లావు తెల్ల పురుగులు వంకర తిరిగి పడున్నాయి. "అమ్మగారూ, పురుగుల ఫారం పెట్టారేటండీ" అన్నాడు. కుళ్లుతున్న చెక్క, పెంటకుప్ప, కూలిన కొబ్బరి మొద్దు, ఇవే దాని పుట్టిల్లు. పెంటకుప్పలో ఆ పురుగుల్ని చంపే మెటారైజియం అనే ఫంగస్ కలపడం మంచి పద్ధతి, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లని అడిగితే చెబుతారు. మేమైతే కుప్ప మొత్తం విరజిమ్మి కోళ్లని వదిలాం. పందెం కోళ్లకి బాదం, జీడిపప్పు మేపుతారు గానీ ఆ వారం మా నాటుకోళ్ల నునుపు చూడాల్సింది.

అసలు నా బాధ వేరే ఉంది. కోనసీమలో కూర్చుని చెక్క పేళ్ల కోసం వెతుక్కోవడం ఏమిటండీ? మా చిన్నప్పుడు కొబ్బరి డొక్కలు పెరటి నిండా ఉండేవి, అరటికీ మల్లెకీ బోర్లించి వేస్తే వేసవంతా తడి నిలిచేది. (వెల్లకిలా వేయొద్దు, వానొస్తే దోమలు.) ఇప్పుడు ఒలిచిన డొక్క ఒలిచినట్టే లారీ ఎక్కి పీచు మిల్లుకి పోతోంది, ఆ పీచు తీయగా రాలిన పొట్టునే ఇటుకలా నొక్కి ప్లాస్టిక్ కవర్లో పెడితే ఆన్‌లైన్‌లో మనమే కొంటున్నాం. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు వీడియో కాల్‌లో బస్తాల బెరడు పరుస్తూ చూపిస్తుంది. వాళ్లకి కుదురుతుంది. మన ఒండ్రుమట్టికి జులై నుంచి అక్టోబరు దాకా అసలే ఊపిరాడదు, దాని మీద దుప్పటి కూడా కప్పితే వేరుకుళ్లే. వానలు వెనకపట్టాక, జనవరి ఫిబ్రవరిలో పరవండి. ఎండాకాలం కాలవలు కట్టేసి బోరు నీళ్లే దిక్కయినప్పుడు అది నిజంగా పనికొస్తుంది.

మా ఇంట్లో ఈ ఏటి పేళ్లు ఎండినవి పది బస్తాలున్నాయి, వాసన నేనే చూశాను. దగ్గర్లో ఉంటే వచ్చి పట్టుకెళ్లండి, ఖాళీ సంచులు మాత్రం తిరిగిచ్చేయాలి.