తుప్పు పట్టిన ఇనుప పెట్రోలు క్యాను: కడగడం కంటే ఆరబెట్టడమే ముఖ్యం

మీరు రాసినదాన్ని బట్టి, మీ తాతగారి కాలంనాటి 20 లీటర్ల ఇనుప పెట్రోలు క్యాను లోపల తుప్పు పట్టింది, అడుగు అతుకు వెంట తడి కనిపిస్తోంది, దాన్ని బాగుచేసుకుని మామిడి తోటలో మందు కొట్టే ఇంజనుకు వాడుకోవాలని అనుకుంటున్నారు. బాత్‌రూములు కడిగే యాసిడ్‌తో తుప్పు తీసి, కారుతున్న చోట వెల్డింగ్ పెట్టించమని మీకు ఎవరో సలహా ఇచ్చారు. దయచేసి ఆ రెండూ చేయకండి. మొదటిది నేను చేసి నష్టపోయాను. రెండవది ప్రాణాలు తీసే పని.

తిరుపతి వైపు పాకాల దగ్గర మా తోటలో ఒకప్పుడు పెట్రోలుతో మొదలై కిరోసిన్ మీద నడిచే నీళ్ల ఇంజను ఉండేది. దానికి పెట్రోలు తేవడానికి మా నాయన వాడిన క్యానునే ఆరేళ్ల క్రితం నేను బాగుచేయబోయాను. యాసిడ్ పోసి రెండు గంటలు ఉంచి, నీళ్లతో కడిగి, రాత్రికి వసారాలో బోర్లించి పడుకున్నాను. అది కార్తీక మాసం, వాన పట్టి ఉంది. తెల్లవారి చూస్తే ముందురోజు తెల్లగా మెరిసిన రేకు లోపలంతా పసుపు చల్లినట్టు సన్నని కొత్త తుప్పు. అంత పలుచని పొర ఏం చేస్తుందిలే అనుకుని దాని మీదే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రసాయనం) పూత పోశాను. జనవరిలో మామిడి పూతకు తేనెమంచు పురుగు మందు కొడుతుండగా ఇంజను ఆగిపోయింది. కార్బ్యురేటర్ విప్పితే గిన్నె అడుగున వేరుశెనగ పొట్టు లాంటి పెచ్చులు ఉన్నాయి. పూత రేకును కాక తుప్పు పొడిని పట్టుకుంది, పొడితోపాటే ఊడి వచ్చింది. ఆ ఊడిన పూతను పూర్తిగా తీసేయడానికి పట్టిన శ్రమ మొదటి పనికి పట్టిన దానికంటే నాలుగింతలు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆవిరి సంగతి. పెట్రోలు సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా మండగలిగేంత ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి మూత తీసి ఎండలో పెట్టినంత మాత్రాన క్యాను అడుగు నుంచి పోదు. నిండు క్యాను కంటే 'ఖాళీ' క్యాను ప్రమాదకరం కావడానికి కారణం ఇదే: అందులో ఆవిరితోపాటు అది మండడానికి కావలసిన గాలి కూడా ఉంటుంది. కాబట్టి మిగిలిన పాత పెట్రోలును మెకానిక్ షెడ్డుకు ఇచ్చేసి (కాలువలోనో చెట్టు మొదట్లోనో పోయవద్దు), బట్టల సబ్బు పొడి కలిపిన వేడి నీళ్లతో క్యానును అంచు దాకా నింపి, పొర్లించి, పారబోసి, ఇలా కనీసం మూడుసార్లు కడగాలి. నీళ్లు కాచే పొయ్యి ఈ పనికి చాలా దూరంగా ఉండాలి. అడుగున బూడిద రంగు బురద ఉంటే దాన్ని ఎండబెట్టి గీకకండి. మన దేశంలో 2000 సంవత్సరం దాకా సీసం కలిపిన పెట్రోలు అమ్మారు గనుక తాతల నాటి క్యానులోని మడ్డిలో సీసం ఉండవచ్చు. చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, తడిగానే తీసి, పిల్లలు తిరగని చోట పారవేయాలి.

వాసన పూర్తిగా పోయాక క్యాను బాగుచేయదగినదో కాదో చూడాలి. రాత్రిపూట చీకటి గదిలో చిన్న ఎల్ఈడీ టార్చిని మూతి నుంచి లోపలికి పట్టి బయటి నుంచి చూస్తే, రేకు తిన్న చోట్లు నక్షత్రాల్లా కనిపిస్తాయి. ఒకటి రెండు చుక్కలైతే ఫరవాలేదు, గుంపుగా ఉంటే ఆ రేకు అయిపోయినట్టే. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయే అడుగును ఏ పూతా నిలబెట్టలేదు. పూత పని రేకును కాపాడడం, రేకు లేని చోట రేకుగా మారడం కాదు.

మీరు చెప్పిన అతుకు తడికి ఒక పాత పరీక్ష ఉంది. అతుకు వెంట బయటి వైపు సున్నం పలుచగా పూసి ఆరనిచ్చి, లోపల కొద్దిగా కిరోసిన్ గాని డీజిల్ గాని పోసి, ఆ వైపుకు వాల్చి గంటసేపు ఉంచండి. నీళ్లు దూరని సందులో కూడా నూనె పాకుతుంది కాబట్టి ఎక్కడ చిల్లు ఉందో అక్కడ తెల్లని సున్నం మీద మరక తేలుతుంది. నాకు ఈ పరీక్షలో అతుకు బాగానే ఉందనీ, తడి వస్తున్నది దానికి అంగుళం పైన ఉన్న ఒక సూది బెజ్జం నుంచి అనీ తెలిసింది. ఊహ మీద పని చేసి ఉంటే తప్పు చోట తగరం మాటు వేయించేవాణ్ణి. పరీక్ష తరువాత మళ్లీ సబ్బు నీళ్లతో జిడ్డు పోయేదాకా కడగాలని వేరే చెప్పనక్కరలేదు.

ఇక తుప్పు తీయడం. మందమైన పెచ్చులను ముందుగా రాపిడితో రాల్చాలి. రెండు గుప్పిళ్ల పాత నట్లు గాని పదునైన చిన్న కంకర గాని వేసి, కొద్దిగా సబ్బు నీళ్లు పోసి, మూత బిగించి, క్యానును ఒక్కో వైపు పడుకోబెట్టి పది నిమిషాల చొప్పున ఊపాలి. వేసిన నట్లను లెక్కపెట్టుకోండి, లోపల ఒకటి మిగిలితే పూత వేశాక దాన్ని తీయలేరు. తరువాత 20 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో ఒక కిలో నిమ్మఉప్పు కరిగించి నింపి, రాత్రంతా ఉంచండి. నిమ్మఉప్పు తుప్పులోని ఇనుమును పట్టుకుని నీటిలోకి లాగుతుంది, మంచి రేకును నెమ్మదిగా మాత్రమే తాకుతుంది. అయినా రోజుల తరబడి వదిలేయకూడదు. మూత మాత్రం బిగించకండి, ఆమ్లం ఇనుమును తాకినప్పుడు హైడ్రోజన్ వస్తుంది, దానికి బయటికి దారి ఉండాలి, దగ్గరలో నిప్పు ఉండకూడదు. బాత్‌రూము యాసిడ్ కూడా తుప్పును తీస్తుంది, ఇంకా త్వరగా తీస్తుంది. కానీ అది మంచి రేకును కూడా తింటుంది, దానిలోని క్లోరైడ్ అతుకుల సందుల్లో ఉండిపోయి తేమను పిలిచి మళ్లీ తుప్పు పుట్టిస్తుంది. మీ క్యానుకు లోపల జింకు పూత ఉంటే ఏ ఆమ్లమూ పోయకండి, ఆ పూతే కరిగిపోతుంది.

ఆమ్లం పారబోసిన క్షణం నుంచి తొందర మొదలవుతుంది. శుభ్రమైన తడి ఇనుము గాలి తగిలిన కొన్ని నిమిషాల్లోనే మళ్లీ పసుపు తిరుగుతుంది. నేను రెండవసారి ఈ పనిని కావాలని మే నెలకు పెట్టుకున్నాను. మన వైపు ఈశాన్య రుతుపవనం వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని తలపెట్టకపోవడమే మంచిది. తిరుపతి ఎండ మనకు ఎన్నో ఇబ్బందులు పెడుతుంది గాని, ఈ ఒక్క పనికి అంతకంటే మంచి ఆరబోత లేదు. ఆమ్లం తీసిన వెంటనే బకెట్టు నీళ్లకు రెండు చెంచాల బట్టల సోడా కలిపి ఒకసారి తొలిపి, ఆపైన చేయి పట్టలేనంత వేడి నీళ్లతో రెండుసార్లు తొలిపి వంపేయాలి. రేకే వేడెక్కడం వల్ల మిగిలిన తడి దానంతట అదే ఆవిరైపోతుంది. అప్పుడే మిద్దె మీద కాలుతున్న గచ్చుపై, మూతి గాలి వచ్చే వైపు ఉండేలా వాల్చి పెట్టి, బ్లోయర్ గొట్టంతో లోపలికి గాలి కొట్టండి. ఇంధనపు వాసన ఏమాత్రం మిగిలి ఉన్నా బ్లోయర్ జోలికి పోకూడదు. అతుకు మడతలో నీళ్లు దాక్కుంటాయి గనుక పైకి పొడిగా కనిపించినా నాలుగు గంటలు ఎండలోనే తిప్పి తిప్పి ఉంచాను. ఇంత చేసినా పసుపు ఛాయ వస్తే ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్టు కన్వర్టర్‌తో ఒకసారి తొలిపితే రేకు మీద బూడిద రంగు ఫాస్ఫేటు పొర మిగులుతుంది. మీరు కొనే పూత డబ్బా మీద దానికి అభ్యంతరం చెప్పకపోతే పూత దాని మీద చక్కగా పడుతుంది.

పూతగా ఇంధన ట్యాంకుల కోసమే చేసిన రెండు భాగాల ఎపాక్సీని కొనండి. 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలే ఇప్పుడు బంకుల్లో దొరుకుతోంది. పాత రకం పూతలు కొన్ని ఆల్కహాల్‌కు కరిగిపోతాయి, కాబట్టి ఇథనాల్‌ను తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉండాలి. కిటికీలకు వేసే ఎర్ర ప్రైమరును లోపల వేయకండి, పెట్రోలు దాన్ని లేపేస్తుంది. బయటి వైపుకైతే అది, దాని మీద ఎనామిల్ చాలా బాగుంటాయి. పూతను పోసి క్యానును అన్ని వైపులా నెమ్మదిగా దొర్లించి, చిక్కబడక ముందే మిగులు మొత్తాన్ని వంపేయాలి. అడుగున గుంటలా నిలిచిన పూతే మొదట పగిలి లేస్తుంది. మూతి మరలకు టేపు చుట్టండి, గాలి గొట్టం ఉంటే అందులో సన్నని తీగ దూర్చి ఉంచండి. మూత తీసి వారం రోజులు ఆరనిచ్చాను. డబ్బా మీద అంతకంటే ఎక్కువ చెప్పి ఉంటే అంతే ఉంచాలి.

సూది బెజ్జానికి పూత కంటే ముందే మాటు వేయించాలి. మా ఊళ్లో బిందెలకు మాటు వేసే పెద్దాయన, నేను ఎన్నిసార్లు కడిగానని చెప్పినా వినకుండా, బెజ్జం పైకి ఉండేలా క్యానును వాల్చి, దానికి కాస్త కింద దాకా నీళ్లు నింపిన తరువాతే కాల్చిన ఇనుమును దగ్గరికి తెచ్చారు. లోపల ఆవిరి నిలవడానికి చోటు మిగలకుండా చేయడమే అందులోని జాగ్రత్త. తగరం మాటుకు చాలని పెద్ద చిల్లు ఉంటే ఆ క్యానును పాత ఇనుముకు వేయండి.

కారడానికి మరో కారణం మూతలోని వాషరు. సైకిలు ట్యూబు కత్తిరించి వేయడం మన వాళ్లకు అలవాటు. పెట్రోలుకు అది ఉబ్బి మెత్తబడి నెలలోనే జారిపోతుంది. పెట్రోలును తట్టుకునే నైట్రైల్ రబ్బరు వాషరు అడిగి తెచ్చుకోండి.

వాడేటప్పుడు సగం నింపి నెలల తరబడి ఉంచవద్దు. పగటి వేడికి లోపలి గాలి బయటికి పోయి, రాత్రి చల్లబడినప్పుడు తేమ గాలి లోపలికి వస్తుంది. ఇథనాల్ ఆ తేమను పీల్చుకుంటుంది, హద్దు దాటితే నీళ్లూ ఇథనాల్ కలిసి అడుగుకు విడిపోతాయి, తుప్పు మళ్లీ అక్కడే మొదలవుతుంది. అలాగని అంచు దాకా కూడా నింపకండి. ఉదయం 25 డిగ్రీల వద్ద నింపిన 20 లీటర్ల పెట్రోలు మధ్యాహ్నం 45 డిగ్రీలకు సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది, కనుక 19 లీటర్ల దగ్గర ఆపండి. అమ్మకానికి కాకుండా సొంతానికి లైసెన్సు లేకుండా 30 లీటర్ల దాకా, ఒక్కో లోహపు క్యాను 25 లీటర్లకు మించకుండా ఉంచుకోవడానికి 1934 పెట్రోలియం చట్టం అనుమతిస్తుంది. బంకులో క్యానును బండి మీద ఉంచి కాక నేల మీద పెట్టి, గొట్టం మూతికి తగిలి ఉండేలా నింపించుకోండి. ఇవన్నీ తరువాతి మాట. మీరు మాత్రం ముందుగా ఆ సున్నం పరీక్ష చేసి, మరక అతుకు మీద తేలిందా రేకు మీద తేలిందా ఇక్కడే రాయండి. మాటు వేయించాలా, పూత ఒక్కటే చాలుతుందా అన్నది దాన్ని బట్టి చెప్పగలను.