సోమవారం పొద్దున డీప్ పాస్ గొడవ: కొత్తగా వచ్చిన తమ్ముడికి

"అన్నా, నేను టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి వచ్చి నాలుగు నెలలైంది. సెప్టెంబర్ నుంచి మా టీమ్‌లో సోమవారం పొద్దున మీటింగ్ మొదలవకముందే అమెరికన్ ఫుట్‌బాల్ చర్చ. డీప్ బాల్ అందరికంటే బాగా ఎవరు వేస్తారు అని అరగంట వాదించుకుంటారు. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. నవ్వుతూ కూర్చుంటున్నాను. ఏం చెయ్యమంటావు?"

తమ్ముడూ, నవ్వుతూ కూర్చోవడం మాత్రం వద్దు. నేను వచ్చిన కొత్తలో రెండేళ్లు అదే చేశాను. ఆ తర్వాత లంచ్ డబ్బా తీసుకుని నా సీటు దగ్గరే తినడం అలవాటైంది. పని బాగానే చేసేవాణ్ణి, కానీ పక్క సీటాయనకు పిల్లలెంతమందో కూడా తెలియలేదు. ఇప్పటికీ ఆ రెండేళ్లు తలచుకుంటే బాధగా ఉంటుంది. ఈ ఊళ్లో మనుషుల్లో కలవడానికి ఫుట్‌బాల్ దగ్గర దారి. నువ్వుండేది ఫ్రిస్కోలో. డాలస్ టీమ్ కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ 2016 నుంచి మీ ఊళ్లోనే ఉంది.

ముందు ఆట సంగతి. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. వెళ్లగలిగితే మళ్లీ నాలుగు. బంతి చేతికందాక ఎవరికివ్వాలో, ఎటు విసరాలో తేల్చుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. అవతలివాళ్లు మీద పడేలోపు అతనికి దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. అంత తక్కువ టైమ్‌లో ఇరవై గజాలకు మించి గాల్లో విసిరితే దాన్ని డీప్ పాస్ అంటారు, డీప్ బాల్ అన్నా అదే. సరిగ్గా పడితే ఒక్క దెబ్బకు సగం మైదానం దాటేస్తారు, తప్పితే బంతి అవతలివాళ్ల చేతికి పోవచ్చు. అందుకే ఈ ఒక్క విసురు గురించి ఇంత వాదన.

చిన్నప్పుడు రాయితో మామిడికాయలు కొట్టావు కదా. మామిడికాయ కదలదు. ఇక్కడ పట్టుకోవాల్సిన రిసీవర్ ప్రాణం పెట్టి పరిగెడుతుంటాడు, వాణ్ణి అంటిపెట్టుకుని ఒకడు, వెనక కాపలాగా సేఫ్టీ ఇంకొకడు. బంతి విసిరేది వాడున్న చోటికి కాదు, రెండు సెకన్ల తర్వాత వాడు చేరబోయే చోటికి. ఆ చోట ఇంకా ఎవరూ ఉండరు. ఖాళీ గడ్డి మీదికి విసరాలి.

ఇక బంతి తిరగడం చూడు. నాలుగు వందల గ్రాములు దాటిన బంతి, క్రికెట్ బంతికి రెండున్నర రెట్ల బరువు. రెండు చివర్లా మొన ఉంటుంది. చేతిలోంచి తిరుగుతూ వెళ్లకపోతే గాల్లోనే పల్టీలు కొట్టి ఎక్కడో పడుతుంది. తిరిగితే మాత్రం మన బొంగరం లాంటిదే, తిరిగినంతసేపు ఒరగదు. దాన్నే స్పైరల్ అంటారు. మీవాళ్లు "టైట్ స్పైరల్" అని మెచ్చుకుంటున్నారంటే అర్థం, బంతి మొన అటూ ఇటూ ఊగకుండా గాలిని చీల్చుకుంటూ పోయిందని.

ఇప్పుడు అసలు వాదన. నేను ఇన్నేళ్లు విన్నదాంట్లో తేలిందొకటే. అందరూ "బెస్ట్" అనే ఒకే మాట వాడతారు గానీ, ఒక్కొక్కళ్ల మనసులో ఒక్కో కొలత ఉంటుంది. అది కనిపెడితే చర్చ మొత్తం అర్థమవుతుంది.

కొందరికి చెయ్యి బలం ముఖ్యం. వయసు పైబడినవాళ్లయితే జాన్ ఎల్వే పేరు తీస్తారు. ఆయన విసిరిన బంతి రిసీవర్ల ఛాతీ మీద గుర్తు వేసేదట. బంతి మొన దగ్గర కుట్లు కలిసే చోటు శిలువ ఆకారంలో ఉంటుంది కాబట్టి దానికి "ఎల్వే క్రాస్" అని పేరు. కుర్రాళ్లయితే బఫలో టీమ్ జాష్ ఆలెన్ అంటారు. 2018లో అతన్ని తీసుకున్నప్పుడు చెయ్యి ఉంది గానీ గురి లేదన్నవాళ్లే ఎక్కువ. 2020లో స్టెఫాన్ డిగ్స్ అనే రిసీవర్ తోడయ్యాక అన్నవాళ్లే మాట మార్చారు.

కొందరికి కష్టకాలంలో వేసిందే లెక్క. వాళ్లు 2020 ఫిబ్రవరి సూపర్ బౌల్, అంటే సీజన్ ఫైనల్, చెబుతారు. కాన్సస్ సిటీ 10-20తో వెనకబడి ఉంది, చివరి క్వార్టర్‌లో ఏడు నిమిషాలు మిగిలాయి, మూడో ప్రయత్నంలో పదిహేను గజాలు కావాలి. పాట్రిక్ మహోమ్స్ వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి టైరీక్ హిల్‌కి విసిరాడు. స్కోర్ లెక్కలో అది 44 గజాలే. వెనక్కి జరిగిన దూరం కూడా కలుపుకుంటే గాల్లో బంతి దాదాపు 57 గజాలు వెళ్లింది. ఆ మ్యాచ్ 31-20తో గెలిచారు. మహోమ్స్ మన టెక్సాస్ కుర్రాడేనని, లబక్‌లో టెక్సాస్ టెక్‌కి ఆడాడని గుర్తుంచుకో. ఈ మాట ఇక్కడ ఎవరికైనా నచ్చుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. గజాల లెక్క చూసి మోసపోకు. 2011 క్రిస్మస్ ముందురోజు న్యూయార్క్ జెట్స్ మీద ఈలై మానింగ్ 99 గజాల పాస్ వేశాడని రికార్డుల్లో ఉంటుంది. అంతకు మించిన పాస్ ఈ ఆటలో సాధ్యమే కాదు. కానీ బంతి గాల్లో వెళ్లింది కొద్ది దూరమే, మిగతాదంతా విక్టర్ క్రూజ్ పరుగు. ఎవరైనా పెద్ద నంబర్ చెబితే "అందులో గాల్లో ఎంత, పరుగు ఎంత?" అని అడుగు. ఆట తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న అది. ఇప్పుడు ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలోను, బంతిలోను చిప్స్ ఉంటాయి కాబట్టి జవాబు కూడా దొరుకుతుంది.

రిసీవర్ సంగతి కూడా వదలకు. 1983 ఫైనల్లో వెనక్కి పరిగెడుతూ వివ్ రిచర్డ్స్ క్యాచ్ పట్టిన కపిల్ దేవ్‌ని ఎన్నిసార్లు చూసి ఉంటావు! భుజం మీదుగా వచ్చే బంతిని పరుగు ఆపకుండా పట్టడం వీళ్లకు రోజూ పని. అందులో మొనగాడు రాండీ మాస్. 1998 డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వరసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, అతన్ని తీసుకునే అవకాశం డాలస్‌కి వచ్చింది, తీసుకోలేదు. 21వ వాడిగా మిన్నెసోటా తీసుకుంది. ఆ ఏడాది థ్యాంక్స్‌గివింగ్ రోజున అతను డాలస్‌కే వచ్చి ఆడాడు. పట్టింది మూడే పాసులు. మూడూ టచ్‌డౌన్లే, అంటే మూడుసార్లూ బంతి అవతలి చివరికి చేరింది, మొత్తం 163 గజాలు. విసిరింది రాండల్ కనింగ్‌హామ్. ఇక్కడ యాభై దాటినవాళ్లెవరినైనా కదిపి చూడు, నిన్న జరిగినట్టు చెబుతారు. అది జరిగిన టెక్సాస్ స్టేడియం మన తెలుగువాళ్లు ఇంతమంది ఉండే ఇర్వింగ్‌లోనే ఉండేది, 2010లో కూల్చేశారు. అంత గొప్ప పాసుల్లో విసిరినవాడి వాటా ఎంత, పరిగెత్తినవాడి వాటా ఎంత? దీని మీద ఒక సోమవారమంతా గడిచిపోతుంది.

"హెయిల్ మేరీ" అనే మాట నీ చెవిన పడే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మీటింగుల్లో కూడా వాడతారు. అది కేథలిక్కుల ప్రార్థన పేరు. మన గుణదల మాత దగ్గర జపమాల తిప్పుతూ "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అంటారే, అదే. 1975 డిసెంబర్ 28న మిన్నెసోటా మీద ఆఖరి నిమిషంలో డాలస్ క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్ 50 గజాల పాస్ విసిరాడు, డ్రూ పియర్సన్ పట్టాడు, 17-14తో గెలిచారు. కళ్లు మూసుకుని హెయిల్ మేరీ చెప్పుకున్నానని స్టాబాక్ మ్యాచ్ అయ్యాక అన్నాడు. అప్పటినుంచి ఆఖరి క్షణంలో దేవుడి మీద భారం వేసి విసిరే ప్రతి పాస్‌కీ ఆ పేరు స్థిరపడింది. ఆరన్ రాడ్జర్స్ 2015 డిసెంబర్‌లో డెట్రాయిట్‌లో వేసిన 61 గజాల పాస్ చూడు. టైమ్ అయిపోయింది, అవతలివాళ్లు తప్పు చేయడంతో ఒక్క ఆట ఎక్కువ దొరికింది. స్టేడియం కప్పుకి తగులుతుందేమో అన్నంత ఎత్తుకి వేశాడు. అయితే హెయిల్ మేరీలతో డీప్ బాల్ గొప్పతనాన్ని తేల్చకూడదనే నేనంటాను. గుంపులోకి పడే బంతి అది, అదృష్టం పాలు ఎక్కువ.

వాదనలో నువ్వు తెలుసుకోవాల్సిన ఇంకో విషయం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకు. చాలాకాలం ఇక్కడ నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లకు బలం ఉంటుంది, వేగం ఉంటుంది, కానీ ఆటను నడిపించే బుర్ర ఉండదని అనేవాళ్లు. వారెన్ మూన్‌ని 1978లో ఒక్క టీమ్ కూడా డ్రాఫ్ట్ చేయలేదు. ఆయన కెనడా వెళ్లి ఎడ్మంటన్‌కి వరసగా ఐదు కప్పులు గెలిపించాక 1984లో హ్యూస్టన్ పిలిచింది. 1990లో కాన్సస్ సిటీ మీద ఒక్క మ్యాచ్‌లో 527 గజాలు విసిరాడు. ఆయన స్పైరల్ అంత అందమైనది ఇంకోటి లేదనేవాళ్లు హ్యూస్టన్‌లో ఇప్పటికీ ఉన్నారు. 2006లో ఈ ఆట మహామహుల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ ఆయనే. అందుకని ఎవరి గురించైనా "అబ్బ, ఏం బలం" అని ఆగిపోకు. డిఫెన్స్‌ని ఎలా చదివాడో, సేఫ్టీని కళ్లతో ఎలా పక్కకు లాగాడో కూడా చెప్పు. విన్నవాళ్లలో ఆ చరిత్ర తెలిసినవాళ్లు ఉంటారు, నీ మాట వాళ్లకు గుర్తుండిపోతుంది.

డబ్బులు పెట్టి ఆడే పందేల జోలికి కొత్తలో వెళ్లకు. డాలస్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ మీద మొదటి నెలలోనే తీర్పు కూడా ఇవ్వకు. సొంత టీమ్ క్వార్టర్‌బ్యాక్‌ని వాళ్లు తిట్టుకుంటే అది ఇంటి మాట, బయటివాడు తిడితే వేరు.

నన్నడిగితే రసెల్ విల్సన్ సియాటిల్‌లో ఉన్నప్పటి డీప్ బాల్ నాకు అన్నిటికంటే ఇష్టం. ఐదడుగుల పదకొండు అంగుళాల మనిషి. ఆ ఎత్తు చూసే 2012లో మూడో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. అతను బంతిని ముందుకి కాదు, ఆకాశంలోకి విసురుతున్నట్టుంటుంది. దాన్ని "మూన్ బాల్" అనేవాళ్లు. బంతి పైకెళ్లి, మొన కిందికి తిప్పుకుని, టైలర్ లాకెట్ రెండు చేతుల మధ్య నిటారుగా దిగేది. వెంట పరిగెత్తేవాడు ఎంత దగ్గరగా ఉన్నా చెయ్యి పెట్టే సందు దొరకదు. 2018 సీజన్‌లో లాకెట్‌కి విసిరిన పాసుల మీద విల్సన్ రేటింగ్ 158.3. ఆ కొలతలో అంతకు మించిన అంకె లేదు. బలం మహోమ్స్‌కీ ఆలెన్‌కీ ఎక్కువే, ఒప్పుకుంటాను. డీప్ బాల్‌లో నేను చూసేది బంతి ఎక్కడ దిగిందన్నది.

ఇది నా మాట. నువ్వు దీన్నే పట్టుకెళ్లి ఆఫీసులో అప్పజెప్పకు. ఈ ఆదివారం ఒక్క మ్యాచ్ పూర్తిగా చూడు. బంతి చేతిలోంచి వెళ్లగానే దాని వెంట చూడకుండా రిసీవర్‌ని చూడు, అతని చేతులు ఎప్పుడు పైకి లేస్తాయో గమనించు. మంచి రిసీవర్ ఆఖరి క్షణం దాకా చేతులు ఎత్తడు, ఎత్తితే వెనకవాడికి తెలిసిపోతుంది. సోమవారం ఆ ఒక్క సంగతి అడుగు. వాదించేవాళ్లు నీ వైపు తిరుగుతారు.

వచ్చే శనివారం సాయంత్రం మా ఇంటికి రా. వదిన పెసరట్లు వేస్తానంది. వెనక పెరట్లో బంతి ఉంది. కుట్ల మీద నాలుగో వేలూ చిటికెన వేలూ ఆనించి, చూపుడువేలు మొన దగ్గరగా పెట్టి పట్టుకోవాలి, అరచేతికీ బంతికీ మధ్య కాస్త సందు ఉండాలి. వదిలేటప్పుడు ఆఖరున బంతిని తాకేది చూపుడువేలే. మొదటి పది పల్టీలు కొడతాయి. పదకొండోదో పన్నెండోదో తిరుగుతుంది, ఆ తేడా నీ వేలికే తెలుస్తుంది.