1848లో వయోజన పురుషులందరికీ ఓటు ఇచ్చిన ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకే మళ్ళీ చక్రవర్తి ఎలా వచ్చాడు?

ప్రజలకు ఓటు విలువ తెలియకపోవడమే కారణమా అని మీరు అడిగారు. నేను డిగ్రీ విద్యార్థులకు యూరప్ చరిత్ర చెబుతాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే మాట అంటారు. నేను ఒప్పుకోను. తప్పు చాలావరకు 1848 నవంబర్ 4న ఆమోదించిన రాజ్యాంగంలోనే ఉంది.

ఆ రాజ్యాంగాన్ని బోర్డు మీద రెండు భాగాలుగా రాస్తాను. ఒకవైపు 750 మందితో ఒకే సభ, మూడేళ్ల గడువు. ఇంకోవైపు నాలుగేళ్లకు ఎన్నికయ్యే అధ్యక్షుడు. ఇద్దరినీ నేరుగా ఎన్నుకునేది జనమే. అధ్యక్షుడు సభను రద్దు చేయకూడదు, వెంటనే రెండోసారి పోటీ చేయకూడదు. సైన్యం, అధికారుల నియామకాలు మాత్రం ఆయన చేతిలోనే. ఇద్దరికీ పడకపోతే ఎవరి మాట చెల్లాలి అని అడిగితే, పిల్లలు జవాబు కోసం బోర్డంతా వెతుకుతారు. అక్కడ ఉండదు.

జూల్ గ్రెవీ అనే సభ్యుడు ఈ ప్రమాదాన్ని ముందే చెప్పాడు. సభ ఎన్నుకుని, సభే తీసేయగలిగే ప్రభుత్వాధినేత చాలన్నాడు. ఎవరూ వినలేదు. డిసెంబర్‌లో జరిగిన అధ్యక్ష ఎన్నికలో నెపోలియన్ చక్రవర్తి తమ్ముడి కొడుకైన లూయీ నెపోలియన్‌కి సుమారు 54 లక్షల ఓట్లు, జనరల్ కవెన్యాక్‌కి 14 లక్షల పైచిలుకు వచ్చాయి. జూన్‌లో తమ తిరుగుబాటును రక్తంలో ముంచిన కవెన్యాక్‌కి పారిస్ కార్మికులు ఎలా ఓటేస్తారు? ప్రత్యక్ష పన్నుల మీద 45 శాతం అదనంగా కట్టమన్న రిపబ్లిక్ మీద రైతులకు కోపం ఉండదా? వాళ్ల ఓటుకి కారణాలున్నాయి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది 1850 మే 31 చట్టం. ఒకేచోట మూడేళ్లు నివాసం ఉండాలన్న షరతుతో సభే దాదాపు 30 లక్షల మంది ఓటు తీసేసింది. పని కోసం ఊళ్లు మారే కూలీలకే ఎక్కువ దెబ్బ. మరుసటి ఏడాది లూయీ నెపోలియన్‌ మళ్ళీ పోటీ చేయడానికి దారిచ్చే సవరణకు 446 మంది ఔనన్నారు, 278 మంది కాదన్నారు. సవరణకు కావాల్సిన నాలుగింట మూడొంతులు రాలేదు. 1851 డిసెంబర్ 2న ఆయన సైన్యంతో సభను మూయించాడు, అదే రోజు పురుషులందరికీ ఓటు తిరిగి ఇస్తున్నానని ప్రకటించాడు. తమ ఓటు లాక్కున్న సభ కోసం పారిస్‌లో ఎక్కువమంది కార్మికులు కదల్లేదు. దక్షిణాది పల్లెల్లో మాత్రం రిపబ్లిక్ కోసం వేలమంది లేచారు, అణచివేతకు గురయ్యారు. సరిగ్గా ఏడాదికి ఆయన చక్రవర్తి అయ్యాడు.

ఆ తర్వాత ఫ్రెంచి ప్రజలు తమ అధ్యక్షుణ్ని మళ్ళీ నేరుగా ఎన్నుకున్నది 1965లోనే.